ఇప్ మాన్

ఇప్ మాన్ (అక్టోబరు 1, 1893 - డిసెంబరు 2, 1972) చైనా దేశానికి చెందిన ప్రసిద్ధ యుద్ధవిద్యా గురువు. వింగ్ చున్ అనే దక్షిణ చైనా సంప్రదాయ యుద్ధవిద్యలో ఇతడు నిష్ణాతుడు. ఒక వృద్ధ గురువు వద్ద చివరి శిష్యుడిగా చేరి ఈ విద్యను అభ్యసించి, తన యాభై ఆరవ ఏట కట్టుబట్టలతో హాంగ్‌కాంగ్ చేరి, అక్కడ దానిని బోధించడం ద్వారా ప్రపంచ వ్యాప్తికి కారకుడయ్యాడు. ప్రఖ్యాత నటుడు, యుద్ధవిద్యా నిపుణుడు బ్రూస్ లీ ఇతని శిష్యులలో ఒకడు. అంతకు పూర్వం కొద్దిమందికి మాత్రమే తెలిసిన వింగ్ చున్ నేడు అనేక దేశాలలో అభ్యసించబడుతున్నది. ఆ అభ్యాసకులలో అధికభాగం తమ గురుపరంపరను ఇప్ మాన్ నుండే లెక్కించుకుంటారు.

పేరు

చైనా సంప్రదాయం ప్రకారం ఇంటిపేరు ముందు వస్తుంది. కనుక ఇతని పేరులో "ఇప్" అనేది ఇంటిపేరు. కాంటనీస్ ఉచ్చారణను అనుసరించి దీనిని "యిప్ మాన్" అని కూడా వ్రాస్తారు. ఉత్తర చైనా మాండరిన్ ఉచ్చారణలో ఇదే పేరు "యే వెన్" అవుతుంది. ఇతని పూర్తి పేరు ఇప్ కై-మాన్. శిష్యులు ఇతనిని "సిఫు" అని పిలిచేవారు. కాంటనీస్ భాషలో ఈ మాటకు గురువు అని అర్థం. దీనిని వ్రాసే చైనా అక్షరాలలో ఒకదానికి తండ్రి అనే అర్థం ఉన్నది. గురువును తండ్రిగా, తోటి శిష్యులను అన్నదమ్ములుగా భావించే ఆచారం చైనా యుద్ధవిద్యలలో ఉన్నది. మన తాలింఖానాలలో ఉస్తాదుకు ఇచ్చే స్థానంతో దీనిని పోల్చవచ్చును.

ఫోషాన్ పట్టణం

ఇప్ మాన్ జన్మస్థలమైన ఫోషాన్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, గ్వాంగ్‌జౌ నగరానికి సమీపంలో ఉన్నది. మింగ్, చింగ్ వంశాల పాలనలో ఇది చైనాలోని నాలుగు గొప్ప వ్యాపార పట్టణాలలో ఒకటిగా పేరు పొందింది. మట్టిపాత్రల తయారీకి, ఇనుప పోతపనికి, కాంటనీస్ సంగీత నాటకాలకు ఈ పట్టణం ప్రసిద్ధి. వ్యాపారం వల్ల ధనం, ధనం వల్ల దానికి రక్షణ అవసరం కలిగిన ఇటువంటి పట్టణంలో యుద్ధవిద్యలకు కూడా ఆదరణ లభించింది. మరొక ప్రసిద్ధ యుద్ధవిద్యా గురువు, వైద్యుడు అయిన వాంగ్ ఫేయ్-హుంగ్ కూడా ఈ ప్రాంతం వాడే.

వింగ్ చున్ విద్య

వింగ్ చున్ పుట్టుకను గురించి ఒక గాథ ప్రచారంలో ఉన్నది. దాని ప్రకారం చింగ్ ప్రభుత్వ సైన్యం షావోలిన్ ఆలయాన్ని ధ్వంసం చేసినప్పుడు తప్పించుకున్న న్గ్ ముయ్ అనే బౌద్ధ సన్యాసిని ఈ విద్యను రూపొందించి, యిమ్ వింగ్-చున్ అనే యువతికి నేర్పింది. బలవంతపు పెళ్ళికి సిద్ధపడిన ఒక రౌడీని ఆ యువతి ఈ విద్యతోనే ఓడించిందని, తరువాత ఆమె పేరే విద్యకు వచ్చిందని చెబుతారు. అటుపిమ్మట ఇది నదులలో ఎర్రని పడవలపై తిరుగుతూ నాటకాలు ఆడే బృందాలకు చేరిందని, వారి నుండి ఫోషాన్‌లోని లియుంగ్ జాన్ అనే వైద్యునికి లభించిందని కథనం. ఈ గాథను ఇప్ మాన్ స్వయంగా తన చేతివ్రాతలో వ్రాసి ఉంచాడు. లియుంగ్ జాన్‌కు ముందరి కాలానికి సంబంధించిన భాగానికి చారిత్రక ఆధారాలు లేవు. షావోలిన్ యుద్ధవిద్యలకు దక్షిణ భారతదేశం నుండి వెళ్ళిన బోధిధర్ముడు మూలపురుషుడు అనే కథ కూడా ఇటువంటిదే. బోధిధర్ముడు జెన్ బౌద్ధానికి ఆద్యుడుగా పరిగణింపబడుతున్నప్పటికీ, అతడు యుద్ధవిద్య నేర్పాడనేది చాలాకాలం తరువాత చేరిన విషయమని చరిత్రకారుల అభిప్రాయం.

వింగ్ చున్ దగ్గరి దూరం నుండి పోరాడే విద్య. ఎత్తైన తన్నులు, గెంతులు ఇందులో ఉండవు. శరీరం నడుమ నిలువుగా ఒక గీత ఉన్నట్లు భావించి, తన గీతను కాపాడుకుంటూ ఎదుటివాని గీతపై దాడి చేయడం దీని ముఖ్య సూత్రం. దెబ్బను ఆపడం, దెబ్బ కొట్టడం రెండూ ఒకే క్షణంలో జరగాలి. బలానికి బలంతో ఎదురు నిలువక, దానిని పక్కకు మళ్ళించాలి. అందువలన శరీరబలం తక్కువైనవారికి కూడా ఇది అనువైనదని చెబుతారు.

ఈ విద్యలో ఆయుధం లేని క్రమాలు మూడు ఉన్నాయి.

* సియు నిమ్ టావ్ - "చిన్న ఆలోచన" అని అర్థం. కాళ్ళు కదపకుండా ఒకేచోట నిలబడి చేతులతో మాత్రమే చేసే అభ్యాసం. శిష్యుడు మొట్టమొదట నేర్చుకునేది ఇదే.
* చమ్ కియు - "వంతెనను వెదకడం" అని అర్థం. దక్షిణ చైనా యుద్ధవిద్యలలో ముంజేతిని వంతెనగా వ్యవహరిస్తారు. నడక, మలుపు, తన్ను ఇందులో చేరతాయి.
* బియు జీ - "దూసుకుపోయే వేళ్ళు" అని అర్థం. ప్రమాద స్థితి నుండి బయటపడటానికి ఉపయోగించే పద్ధతులు ఇందులో ఉంటాయి. పూర్వం దీనిని నమ్మకమైన శిష్యులకు మాత్రమే నేర్పేవారు.

వీటితో పాటు చెక్కతో చేసిన కొయ్యమనిషిపై సాధన, పొడవైన కర్ర, జంట కత్తులు కూడా ఉంటాయి. ఇద్దరు అభ్యాసకులు ముంజేతులను ఆనించి, చూపు కంటే స్పర్శ ద్వారా ఎదుటివాని కదలికను గ్రహించే "చీ సావ్" అనే అభ్యాసం ఈ విద్యకు ప్రత్యేకమైనది.

బాల్యము, కుటుంబము

ఇప్ మాన్ 1893 అక్టోబరు 1న ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఇప్ ఓయ్-దోర్, తల్లి న్గ్ షూయి. నలుగురు సంతానంలో ఇతడు మూడవవాడు. కుటుంబానికి ఫోషాన్‌లో ఇళ్ళు, భూములు ఉండేవి. అప్పటి ధనిక కుటుంబాల ఆచారం ప్రకారం ఇతనికి చిన్నతనంలోనే సంప్రదాయ చైనా విద్య చెప్పించారు. ఇటువంటి కుటుంబాల పిల్లలు పుస్తకాలు చదివి పెద్దవారు కావడమే గాని, వీధిలో పోరాటవిద్య నేర్చుకోవడం అంతగా జరిగేది కాదు.

వృద్ధ గురువు వద్ద శిక్షణ

ఇప్ మాన్ మొదటి గురువు చాన్ వా-షున్. ఇతడు వైద్యుడైన లియుంగ్ జాన్‌కు శిష్యుడు. వృత్తిరీత్యా నాణెములు మార్చే వ్యాపారి కావడం చేత ఇతనిని అందరూ "నాణెముల వా" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. భారీ శరీరం, గొప్ప బలం గలవాడని ప్రతీతి. వృద్ధాప్యంలో ఇతడు ఇప్ వంశీయుల పూర్వీకుల మందిరాన్ని అద్దెకు తీసుకొని అందులో విద్య నేర్పేవాడు. ఆ విధంగా ఇప్ మాన్‌కు చిన్నతనంలోనే ఆ అభ్యాసాన్ని చూసే అవకాశం కలిగింది.

ఇప్ మాన్ ఏ వయసులో శిష్యుడిగా చేరాడనే విషయంలో వేరువేరు కథనాలున్నాయి. తొమ్మిది నుండి పదమూడు సంవత్సరాల మధ్య అని ఎక్కువమంది చెబుతారు. అప్పటికి చాన్ వా-షున్ వయసు అరవై దాటింది. చేరేందుకు కావలసిన రుసుమును బాలుడు స్వయంగా తెచ్చి ఇచ్చినప్పుడు, ఆ వెండి నాణెములు ఇంట్లో దొంగిలించి తెచ్చాడేమోనని గురువు అనుమానించి, తల్లిదండ్రులను విచారించిన తరువాతనే చేర్చుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. చాన్ వా-షున్ తన జీవితకాలంలో చేర్చుకున్న శిష్యులు సుమారు పదహారుమంది మాత్రమే. వారిలో ఇప్ మాన్ చివరివాడు.

అంత తక్కువమంది శిష్యులు ఉండటానికి కారణాలు లేకపోలేదు. రుసుము చాలా ఎక్కువగా ఉండేది. దానిని చెల్లించగలవారు కొందరే. అంతేగాక, నేర్పిన విద్య రేపు తమపైనే ప్రయోగింపబడవచ్చుననే భయంతో గురువులు శిష్యులను ఆచితూచి ఎన్నుకునేవారు. విద్యకు సంబంధించిన గ్రంథాలు ఉండేవి కావు. ఒక గురువు శరీరంలో ఉన్న విద్య మరొక శరీరానికి చేతుల ద్వారానే అందవలసి ఉండేది. గురువు మరణించేనాటికి శిష్యుని శిక్షణ పూర్తి కాకపోతే మిగిలిన భాగం అంతటితో పోయినట్లే.

ఇప్ మాన్ విషయంలో ఈ ప్రమాదం ఎదురైంది. చేరిన కొద్ది సంవత్సరాలకే చాన్ వా-షున్ పక్షవాతానికి గురై, తరువాత మరణించాడు. అవసాన దశలో అతడు తన పెద్ద శిష్యులలో ఒకడైన న్గ్ చుంగ్-సోను పిలిచి, ఈ చివరి శిష్యుని శిక్షణ పూర్తి చేయవలసిందిగా కోరాడని ఇప్ మాన్ కుటుంబ కథనం. న్గ్ చుంగ్-సో ఆ మాట నిలబెట్టుకున్నాడు. అందువలన ఇప్ మాన్ నేర్చుకున్న విద్యలో అధికభాగం వృద్ధ గురువు పేరు మీద సాగినప్పటికీ, చేతులతో నేర్పినది మాత్రం అతని శిష్యుడే.

హాంగ్‌కాంగ్‌లో విద్యాభ్యాసము

పదిహేను, పదహారు సంవత్సరాల వయసులో ఇప్ మాన్ బ్రిటిష్ పాలనలో ఉన్న హాంగ్‌కాంగ్‌కు వెళ్ళి, అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో చేరాడు. 1903లో స్థాపించబడిన ఈ విద్యాసంస్థ ధనిక చైనా కుటుంబాల పిల్లలకు ఆంగ్ల విద్యను అందించేది.

ఈ కాలంలో జరిగినదిగా చెప్పబడే ఒక సంఘటన ఇప్ మాన్ జీవితచరిత్రలలో తప్పక కనిపిస్తుంది. తన విద్య మీద గర్వంతో ఉన్న ఇప్ మాన్‌కు సహాధ్యాయి ఒకడు తమ ఇంట ఉంటున్న ఒక పెద్దాయనను గురించి చెప్పాడు. ఇప్ మాన్ ఆయనతో తలపడి సులభంగా ఓడిపోయాడు. ఆ వృద్ధుడు లియుంగ్ జాన్ కుమారుడైన లియుంగ్ బిక్. అంటే తన గురువుకు గురువైనవాని కొడుకు. అటుపిమ్మట ఇప్ మాన్ కొంతకాలం ఆయన వద్ద శిష్యరికం చేసాడు. చాన్ వా-షున్ భారీ మనిషి కనుక బలం మీద ఆధారపడేవాడని, లియుంగ్ బిక్ చిన్న శరీరం గలవాడు కనుక అడుగుల కదలిక మీద, ఒడుపు మీద ఆధారపడేవాడని, చిన్న శరీరం గల ఇప్ మాన్‌కు రెండవ పద్ధతి బాగా సరిపోయిందని ఆయన శిష్యులు వివరిస్తారు.

ఈ కథనాన్ని ఇప్ మాన్ శిష్యులు, కుమారులు సమర్థించగా, లియుంగ్ బిక్‌ను గురించి స్వతంత్రమైన ఆధారాలు లేవని కొందరు పరిశోధకులు అభ్యంతరం తెలిపారు.

ఫోషాన్‌కు తిరిగి రాక

ఇరవై నాలుగు సంవత్సరాల వయసులో ఇప్ మాన్ ఫోషాన్‌కు తిరిగివచ్చాడు. ఇతని పద్ధతిలో వచ్చిన మార్పును చూసి తోటి శిష్యులు కొందరు ఇతడు గురువు చెప్పిన దారి తప్పాడని ఆక్షేపించారని చెబుతారు. ఇతడు చ్యుంగ్ వింగ్-సింగ్ అనే ఆమెను వివాహం చేసుకున్నాడు. వీరి కుమారులు ఇప్ చున్ (జననం 1924), ఇప్ చింగ్ (జననం 1936). కుమార్తెలు కూడా ఉన్నారు.

ఫోషాన్‌లో ఇప్ మాన్ పోలీసు శాఖలో పనిచేసాడు. విద్యాలయం తెరవలేదు. ఆస్తిపరుడు కావడం చేత విద్యను అమ్ముకోవలసిన అవసరం ఇతనికి లేదు. ఇష్టం కలిగినప్పుడు తోటి ఉద్యోగులకు, బంధుమిత్రులకు మాత్రం నేర్పేవాడు. క్వోక్ ఫు, లున్ కై ఈ కాలపు శిష్యులలో చెప్పుకోదగినవారు.

యుద్ధకాలము

1937లో చైనా - జపాన్ యుద్ధం ప్రారంభమైంది. 1938 అక్టోబరులో జపాను సైన్యం గ్వాంగ్‌జౌను, ఫోషాన్‌ను ఆక్రమించుకున్నది. ఇప్ కుటుంబం ఆస్తిలో అధికభాగాన్ని కోల్పోయింది. తిండికి కూడా కటకటపడిన ఆ రోజులలో శిష్యుడు క్వోక్ ఫు గురువు కుటుంబాన్ని ఆదుకున్నాడు. అప్పటిదాకా వేడుకగా నేర్పిన విద్యకు ప్రతిఫలంగా అన్నం లభించినది ఈ దశలోనే. 1945లో యుద్ధం ముగిసిన తరువాత ఇతడు తిరిగి పోలీసు ఉద్యోగంలో చేరాడు.

1949లో చైనా అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులు విజయం సాధించారు. ఓడిపోయిన కొమింటాంగ్ ప్రభుత్వంలో పోలీసు అధికారిగా పనిచేసినందున ఇప్ మాన్‌కు ఫోషాన్‌లో ఉండటం క్షేమం కాదు. ఇతడు మకావు మీదుగా హాంగ్‌కాంగ్ చేరాడు. భార్య, పెద్ద కుమార్తె కూడా హాంగ్‌కాంగ్ వచ్చినప్పటికీ, గుర్తింపు పత్రాలు తెచ్చుకునేందుకు ఫోషాన్‌కు తిరిగి వెళ్ళారు. 1951లో సరిహద్దు మూసివేయబడింది. భార్యాభర్తలు మరి కలుసుకోలేదు. ఆమె 1960లో ఫోషాన్‌లో కాన్సరు వ్యాధితో మరణించింది. కుమారులు ఇద్దరూ 1962లో గాని తండ్రిని చేరుకోలేకపోయారు.

హాంగ్‌కాంగ్‌లో బోధన

అప్పటి హాంగ్‌కాంగ్ కాందిశీకులతో నిండి ఉన్నది. 1945లో సుమారు 6 లక్షలుగా ఉన్న జనాభా 1950 నాటికి 20 లక్షలు దాటింది. ఇల్లు, ఉద్యోగం, ఆస్తి లేని ఇప్ మాన్ కౌలూన్‌లోని షామ్ షూయి పో ప్రాంతంలో ఉన్న హోటలు కార్మికుల సంఘంలో ఒక మిత్రుని ద్వారా ఆశ్రయం పొందాడు. అక్కడనే 1950లో మొదటిసారిగా బహిరంగంగా, రుసుము తీసుకొని వింగ్ చున్ నేర్పడం ప్రారంభించాడు. అప్పటికి అతని వయసు యాభై ఆరు. బాల్యంలో తాను వెండి నాణెములు చెల్లించి నేర్చుకున్న విద్యను ఇప్పుడు వంటవారికి, వడ్డనవారికి నెలసరి జీతం మీద చెప్పవలసి వచ్చింది.

ఆ సంఘంలోని లియుంగ్ షియుంగ్ హాంగ్‌కాంగ్‌లో ఇతని మొదటి శిష్యుడు. ఇతడు అప్పటికే వేరే యుద్ధవిద్యలు నేర్చినవాడు. తరువాత లోక్ యియు, చూ షాంగ్-టిన్, వాంగ్ షున్-లియుంగ్ చేరారు. మొదట్లో శిష్యులు ఎక్కువకాలం నిలిచేవారు కాదు. నెలల తరబడి ఒకేచోట నిలబడి సియు నిమ్ టావ్ చేయడం, తరువాత చేతులు ఆనించి చీ సావ్ చేయడం చూసేవారికి పోరాటంలాగా కనిపించేది కాదు.

పరిస్థితి మారడానికి రెండు కారణాలు తోడ్పడ్డాయి. 1954 జనవరిలో మకావులో తాయ్ చీ గురువు వూ గోంగ్-యీకి, తెల్లకొంగ పద్ధతి గురువు చాన్ హాక్-ఫుకు మధ్య జరిగిన బహిరంగ పోటీ హాంగ్‌కాంగ్ ప్రజలలో యుద్ధవిద్యల పట్ల గొప్ప ఆసక్తిని రేకెత్తించింది. ఆ తరువాత వివిధ పద్ధతుల యువకులు మేడలపైన, మూసిన గదులలో రహస్యంగా పోటీలు పెట్టుకునేవారు. వీటిలో వాంగ్ షున్-లియుంగ్ అనేక విజయాలు సాధించడంతో వింగ్ చున్ పేరు నగరమంతా పాకింది. గురువు పోటీలలో పాల్గొనకపోయినా, శిష్యుల గెలుపు వలన విద్యకు గౌరవం లభించింది.

బోధనా పద్ధతి

ఇప్ మాన్ బోధనలో కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి.

* పంచభూతాలు, అష్టకోణాలు వంటి గూఢమైన పదాలను తగ్గించి, కోణము, దూరము, బలము వంటి సులభంగా అర్థమయ్యే విషయాలతో వివరించేవాడు. ఆధునిక విద్య చదివిన యువకులకు ఇది నచ్చింది.
* శిష్యుని శరీరాన్ని, స్వభావాన్ని బట్టి నేర్పేవాడు. అందువలన ఒకే గురువు వద్ద నేర్చిన శిష్యుల పద్ధతులలో తేడాలు కనిపిస్తాయి.
* ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కొత్తవారికి నేర్పే బాధ్యతను పెద్ద శిష్యులకు అప్పగించేవాడు.
* ఫోషాన్‌లో కొయ్యమనిషిని నేలలో పాతేవారు. హాంగ్‌కాంగ్‌లోని ఇరుకు అంతస్తులలో అది సాధ్యం కానందున, ఒక వడ్రంగి సహాయంతో గోడకు బిగించే చట్రంపై నిలిపే కొయ్యమనిషిని తయారు చేయించాడు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది ఈ రకమే. దానిపై చేసే కదలికలను కూడా ఇతడు 116గా స్థిరపరచాడు.

బ్రూస్ లీ

బ్రూస్ లీ (1940 - 1973) పదమూడు, పదహారు సంవత్సరాల మధ్య వయసులో ఇప్ మాన్ శిష్యుడిగా చేరాడు. అప్పటికే అతడు బాలనటుడు, వీధి పోట్లాటలలో ఆరితేరినవాడు. గురువు వద్దనే గాక వాంగ్ షున్-లియుంగ్ వద్ద కూడా ఎక్కువగా సాధన చేసాడు. 1959లో అమెరికాకు వెళ్ళేనాటికి అతని శిక్షణ పూర్తి కాలేదు. అమెరికాలో తాను నేర్చినదానికి ఇతర పద్ధతులు జోడించి, 1967లో జీత్ కున్ డో అనే పేరుతో తన సొంత మార్గాన్ని ప్రకటించాడు. అయినప్పటికీ నడిమి గీత సూత్రము, ఒకే క్షణంలో ఆపడం - కొట్టడం, దగ్గరి దూరపు గుద్దులు వింగ్ చున్ నుండి వచ్చినవే.

1973లో విడుదలైన ఎంటర్ ది డ్రాగన్ చిత్రంతో బ్రూస్ లీ ఖ్యాతి ఆంధ్ర దేశానికి కూడా చేరింది. తరువాతి దశాబ్దాలలో తెలుగు పట్టణాలలో కరాటే, కుంగ్‌ఫూ శిక్షణ పట్ల యువకులలో కలిగిన ఉత్సాహానికి ఇటువంటి చిత్రాలు ప్రేరణ. అయితే తెరమీద కనిపించిన ఆ వేగం వెనుక ఫోషాన్‌లోని ఒక వంశ మందిరంలో మొదలైన శిక్షణ ఉన్నదని తెలిసినవారు అప్పుడు తక్కువ.

చివరి రోజులు

1967లో ఇప్ మాన్, అతని శిష్యులు కలిసి హాంగ్‌కాంగ్‌లో వింగ్ చున్ సంఘాన్ని అధికారికంగా ఏర్పాటు చేసారు. అంతవరకు గురువు ఇంటిని బట్టి మారుతూ వచ్చిన విద్యకు ఒక స్థిరమైన చోటు దొరికింది. అటుపిమ్మట కొద్దికాలానికే ఇతడు క్రమంగా బోధన నుండి విరమించుకున్నాడు.

1972లో ఇతనికి గొంతు కాన్సరు ఉన్నట్లు తెలిసింది. విద్య లిఖిత రూపంలో లేదు. శిష్యుల మధ్య అప్పటికే పద్ధతి విషయంలో భేదాలు తలెత్తుతున్నాయి. ఈ స్థితిలో మరణానికి కొద్ది వారాల ముందు, బాగా చిక్కిపోయిన శరీరంతో, ఇతడు తన నివాసంలో సియు నిమ్ టావ్, చమ్ కియు క్రమాలను, కొయ్యమనిషి అభ్యాసాన్ని ప్రదర్శించగా వాటిని చిన్న కెమెరాతో చిత్రీకరించారు. శబ్దం లేని ఆ చిత్రంలో ఇంటి దుస్తులలో ఉన్న వృద్ధుడు తొందరపడకుండా ఒక్కొక్క కదలికను చేసి చూపడం కనిపిస్తుంది. కొన్ని చోట్ల నొప్పి వలన ఆగినట్లు కూడా గమనించవచ్చును. బియు జీ, ఆయుధాల క్రమాలు చిత్రీకరించబడలేదు. నేటికీ వింగ్ చున్ అభ్యాసకుల మధ్య ఒక కదలిక విషయంలో వాదన వచ్చినప్పుడు ఈ చిత్రాన్నే ప్రమాణంగా చూస్తారు.

ఇప్ మాన్ 1972 డిసెంబరు 2న మోంగ్ కాక్ ప్రాంతంలోని తన నివాసంలో మరణించాడు. అప్పటికి ఇతని వయసు 79 సంవత్సరాలు. హాంగ్‌కాంగ్‌లోని వో హాప్ షెక్ శ్మశానవాటికలో సమాధి చేసారు. ఏడు నెలల తరువాత, 1973 జూలై 20న బ్రూస్ లీ 32 సంవత్సరాల వయసులో మరణించాడు.

వివాదాస్పద విషయాలు

ఇప్ మాన్ హాంగ్‌కాంగ్ జీవితంలో కొంతకాలం నల్లమందు సేవించేవాడని, ధనం లేక ఇబ్బందులు పడ్డాడని కొందరు శిష్యులు తెలిపారు. మరికొందరు దీనిని అంగీకరించలేదు. అతని మరణానంతరం విద్యకు నిజమైన వారసుడెవరనే విషయంపై శిష్యుల మధ్య విభేదాలు వచ్చాయి. ఇప్ మాన్ మాత్రం ఎవరినీ ఏకైక వారసునిగా ప్రకటించలేదు. ఫలితంగా అతని పరంపర అనేక శాఖలుగా చీలింది. ఆంగ్ల అక్షరాలలో విద్య పేరును కూడా ఒక్కొక్క శాఖ ఒక్కొక్క విధంగా వ్రాస్తుంది.

చలనచిత్రాలు

2008లో విల్సన్ యిప్ దర్శకత్వంలో, డానీ యెన్ కథానాయకుడిగా "ఇప్ మాన్" చిత్రం విడుదలై ఘనవిజయం సాధించింది. దీనికి 2010, 2015, 2019 సంవత్సరాలలో కొనసాగింపు చిత్రాలు వచ్చాయి. 2013లో వాంగ్ కార్-వాయ్ దర్శకత్వంలో టోనీ లియుంగ్ నటించిన "ది గ్రాండ్‌మాస్టర్" విడుదలయ్యింది. 2010లో వచ్చిన మరొక చిత్రంలో ఇప్ మాన్ పెద్ద కుమారుడు ఇప్ చున్ స్వయంగా లియుంగ్ బిక్ పాత్రను పోషించాడు.

ఈ చిత్రాలలో కల్పన ఎక్కువ. జపాను సేనాధిపతితో బహిరంగ పోరాటం, విదేశీ ముష్టియోధునితో పోటీ వంటివి చరిత్రలో జరిగినట్లు ఆధారాలు లేవు. నిజ జీవితంలో అతడు ఎదుర్కొన్నది ఆస్తినష్టం, కుటుంబ వియోగం, వృద్ధాప్యంలో జీవనోపాధి సమస్య.

ప్రాముఖ్యత

చాన్ వా-షున్ పదహారుమందికి నేర్పిన విద్యను ఇప్ మాన్ హాంగ్‌కాంగ్‌లో రెండు దశాబ్దాల కాలంలో ఎంతోమందికి నేర్పాడు. అతని శిష్యులు, ప్రశిష్యులు దానిని ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలకు తీసుకువెళ్ళారు. ధనవంతుల ఇళ్ళలో గుట్టుగా సాగిన విద్య సామాన్యులకు అందుబాటులోకి రావడానికి ఒక ధనవంతుడు ఆస్తి కోల్పోవడం కారణమయ్యింది. తన గురువు చివరి కోరికగా పూర్తి చేయించిన శిక్షణను ఇతడు తన చివరి రోజులలో చిత్రం రూపంలో తరువాతి వారికి అప్పగించాడు.

విశేషాలు

* ఫోషాన్‌లోని ప్రసిద్ధ పూర్వీకుల ఆలయ ప్రాంగణంలో 2002లో ఇప్ మాన్ స్మారక మందిరం ప్రారంభించబడింది.
* రెండవ కుమారుడు ఇప్ చింగ్ తండ్రి బోధనపై రచనలు చేసి, 2020 జనవరిలో మరణించాడు.
* ఇద్దరు కుమారులూ తండ్రి మార్గంలోనే వింగ్ చున్ గురువులయ్యారు.